నిమిషం పాటు నాడి పట్టండి
లెక్క ఒక్కటే కాదు... లయా చూడాలి

కేజీఎఫ్: "ఏమప్పా, నాడి ఆడతా ఉందా?"
ముళబాగల్ పల్లెల్లోనైనా, శ్రీనివాసపురం మామిడి తోటల్లోనైనా, రాబర్ట్‌సన్‌పేట సందుల్లోనైనా ఎవరన్నా సొమ్మసిల్లి పడితే పక్కనున్నవాళ్లు మొదట పట్టుకునేది మణికట్టునే. కొట్టుకుంటోందని తెలిస్తే చాలు, అందరికీ ధైర్యం వస్తుంది. అంతటితో చెయ్యి వదిలేస్తారు. నిజానికి నాడి చెప్పే అసలు సంగతి అక్కడి నుంచే మొదలవుతుంది. అది వినాలంటే ఇంకో నిమిషం పట్టుకోవాలి.

గని పోయింది... డాక్టరూ పోయాడు
ఇక్కడి బంగారు గనుల్లో జాన్ టేలర్ కంపెనీ 1880లో పని మొదలుపెట్టింది. అటు చిత్తూరు, ఉత్తరార్కాటు పల్లెల నుంచి తెలుగు, తమిళ కుటుంబాలు పొట్ట చేతపట్టుకుని వచ్చాయి. చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. ఆ అడుగున రాయి వేడి 60 డిగ్రీలకు పైనే. రాతిధూళి పీల్చి ఎందరో సిలికోసిస్ బారిన పడ్డారు. 1940లలో జరిపిన పరీక్షల్లో వంద మందిలో 40 మందికి పైగా ఈ జబ్బు కనిపించింది. ఊపిరితిత్తులు గట్టిపడితే వాటిలోకి రక్తాన్ని నెట్టే గుండె కుడివైపు భాగానికి భారం పెరుగుతుంది.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. దాంతోపాటే కంపెనీ ఆస్పత్రీ పోయింది. 2021లో కొవిడ్ సమయంలో స్వచ్ఛంద కార్యకర్తలు దుమ్ము దులిపితే గానీ దాని తలుపులు మళ్లీ తెరుచుకోలేదు. చివరిదాకా గనిలో దిగినవాళ్లలో చాలామందికి ఇప్పుడు అరవై దాటాయి. గుండె లయ తప్పే జబ్బు ఎక్కువగా వచ్చేదీ ఆ వయసులోనే. కంపెనీ డాక్టరు లేడు గనక ఎవరి నాడి వాళ్లే చూసుకోవడం నేర్చుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఎట్లా చూడాలి?
అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. టీ తాగిన వెంటనే, బీడీ కాల్చిన వెంటనే చూడొద్దు. అరచెయ్యి పైకి పెట్టి, బొటనవేలి మొదలుకు కాస్త కింద, మణికట్టు మీద రెండో చేతి చూపుడు, నడిమి వేళ్లు ఆనించండి. బొటనవేలితో పట్టొద్దు. దాని నాడే దానికి తగిలి లెక్క తప్పుతుంది. గడియారం చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి.

పెద్దవాళ్లకు 60 నుంచి 100 లోపు ఉంటే మామూలే. కాయకష్టం చేసేవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకు 60 కన్నా తక్కువా ఉండొచ్చు. లెక్కతో పాటు లయ చూడాలి. గడియారం ముల్లులా ఒకే తీరున కొట్టుకోవాలి. ఎప్పుడో ఒక దెబ్బ తప్పితే చాలామందికి ప్రమాదం లేదు. నిమిషమంతా అడ్డదిడ్డంగా, ఒకటి బలంగా ఒకటి బలహీనంగా కొట్టుకుంటుంటే మాత్రం ఊరుకోకూడదు.

అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతాయి. రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతమే. ఈ జబ్బున్నవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు ఎక్కువ. ఈసీజీ తీస్తే బయటపడుతుంది. గడ్డ కట్టకుండా మందులున్నాయి. 'ఇప్పుడు బాగానే ఉండాను కదా' అని వాటిని మధ్యలో ఆపేయడమే ప్రాణం మీదికి తెస్తుంది.

రబ్బరు గొట్టం... ఇనుప పైపు
వేళ్లకు తగిలేది రక్తం పారడం కాదు, గుండె కొట్టిన దెబ్బ రక్తనాళం గోడల వెంట అలలా రావడం. టమోటా తోటలో మోటరు వేస్తే మెత్తటి గొట్టం ఉబ్బి దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. ఇనుప పైపులో ఆ దెబ్బ అట్లే చివరిదాకా పోతుంది. రక్తనాళాలూ అంతే. వయసు, బీపీ, షుగరు, పొగ వాటిని గట్టిపరుస్తాయి. అప్పుడు అల వేగం పెరుగుతుంది. మెడ నుంచి తొడ దాకా యంత్రంతో కొలిచినప్పుడు సెకనుకు 10 మీటర్లు దాటితే నాళాలు గట్టిపడ్డట్టు లెక్క. ఈ అలను కాగితం మీద గీసే యంత్రాన్ని ఫ్రాన్సు శాస్త్రవేత్త మారే 1860లోనే తయారుచేశాడు. మన వేళ్లకు అంత కొలత అందదు. అందుకే నాడితో పాటు బీపీ కూడా చూపించుకోవాలి.

నాడి చెప్పనిది
శార్ఙ్గధర సంహితలో, మన తెలుగునాట పుట్టిన బసవరాజీయంలో నాడీ పరీక్ష ఉంది. వాతనాడిని పాము నడకతో, పిత్తనాడిని కప్ప గంతుతో, కఫనాడిని హంస నడకతో పోల్చారు పెద్దలు. ఆ పరిశీలన గొప్పదే. కానీ గుండె నాళాల్లో ఎన్ని అడ్డంకులున్నాయో మణికట్టు పట్టి ఎవరూ చెప్పలేరు. గుండెపోటు వచ్చిన మనిషికీ నాడి మామూలుగా ఉండొచ్చు. 'నాడి బాగుంది, గ్యాసులే' అని సోడా తాగించి పడుకోబెడితే మంచి సమయం కాస్తా పోతుంది.

కర్ణాటక ప్రభుత్వం 2023లో డాక్టర్ పునీత్ రాజ్‌కుమార్ హృదయజ్యోతి పథకం తెచ్చింది. తాలూకా ఆస్పత్రిలో ఈసీజీ తీస్తే పెద్ద ఆస్పత్రి నిపుణులు చూసి చెబుతారు. అవసరమైతే గడ్డ కరిగించే ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. ఆ తరవాత చేసే యాంజియోగ్రామ్‌కు నేడు ఎక్కువగా దారి ఇచ్చేదీ ఈ మణికట్టు నాళమే.

ఆలస్యం వద్దు
* ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం... నాడి ఎట్లున్నా సరే, వెంటనే 108కు ఫోన్ చేయండి.
* కూర్చున్నప్పుడు కూడా 100 దాటినా, కళ్లు తిరుగుతూ 50 కన్నా తగ్గినా డాక్టరుకు చూపించండి.
* రెండు చేతుల్లో నాడి బలం తేడాగా ఉంటే రెండు చేతులకూ బీపీ చూడమనండి.

మారికుప్పంలో, బంగారుపేటలో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కే వేలమందికి తీరిక తక్కువే. రైలు కుదుపుల్లో నాడి అందదు. మంచం దిగకముందే ఆ ఒక్క నిమిషం కేటాయించండి. పనిలో పనిగా ఇంట్లో ఉన్న నాయనదీ పట్టి చూడండి.