నిమ్మచాయ బల్లి

పాకిస్తాను, ఆఫ్ఘనిస్తాను, వాయవ్య భారత ప్రాంతముల రాతినేలలలో లెపర్డ్ గెకో అను చుక్కల బల్లి కలదు. అమెరికాలో దీనిని ముచ్చటకై యిండ్లలో పెంచుదురు. పెంపకందార్లు వింతరంగు గల పిల్లలనే యేరి, జతకూర్చి, ఆ రంగును తరతరముల నిలుపుదురు. కొనువాని కంటికి నచ్చిన పిల్లయే యిచట తల్లి యగును!

ఒకమారు నిమ్మపండు చాయతో మెఱయు పిల్ల యొకటి అచట పుట్టెను. దాని సంతతికి 'లెమన్ ఫ్రాస్ట్' అని పేరిడిరి. తల్లిదండ్రులలో నొక్కదానినుండి సంక్రమించినను ఆ రంగు పిల్లలో కనబడును. అయితే వానిలో నూటికి ఎనుబదికి పైగా బల్లుల చర్మముపై తెల్లని కంతులు లేచెను. చర్మమునకు తెలుపు నిచ్చు కణములే హద్దుమీఱి పెరిగి కంతులగుచుండెను. రంగునకును వ్యాధికిని మూల మొక్కటియే యని 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇతర వంశములతో జతకూర్చినను కంతులు తొలగలేదు.