తన హద్దు తానెరిగిన బిళ్ల

చలికాలం వచ్చిందంటే హీటర్ రాడ్డు అటక దిగుతుంది. గీజరున్న ఇళ్ల మాటెలా ఉన్నా, మా అంబర్‌పేటలో అద్దె పోర్షన్లలో ఉండే ఎంతోమందికి ఆ రాడ్డే దిక్కు. 15 లీటర్ల బక్కెట్టు నీళ్లు 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు కాగాలంటే వెయ్యి వాట్ల రాడ్డుకు దాదాపు అరగంట పడుతుంది. ఆ అరగంటలో ఇల్లాలికి టిఫిన్లు, క్యారేజీలు, పిల్లల జడలు... వంద పనులు! రాడ్డుకేమో తాను నీళ్లలో ఉన్నదీ లేనిదీ తెలియదు.

మా పక్క పోర్షనావిడ ఓసారి కరెంటు పోయిందని రాడ్డు తీసి ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టింది. స్విచ్చి ఆపలేదు. బాబును ఆటో ఎక్కించి వచ్చేలోపు కరెంటు వచ్చేసింది. ఇల్లంతా పొగ, స్టూలు కరిగి ముద్దయింది. "ఐదు నిమిషాలే కదక్కా వెళ్లింది!" అంటూ వణికిపోయింది పాపం.

మరి, చాలనిపించినప్పుడు తనంతట తనే తగ్గే హీటరు ఉండదా? ఉంది. బహుశా మీ పడగ్గదిలోనే ఉంది. దోమల మందు సీసా తగిలించే మిషన్లలో చాలావాటిలో మందును వేడిచేసేది చిన్న పింగాణీలాంటి బిళ్ల. అది బేరియం టైటనేట్ అనే పదార్థంతో చేసింది. చల్లగా ఉన్నప్పుడు కరెంటును బాగా పోనిస్తుంది. సుమారు 120 డిగ్రీలు దాటగానే దాని నిరోధం వేల రెట్లు పెరిగి, కరెంటు తగ్గిపోతుంది. కడుపు నిండిన పసివాడు పాలసీసాను పక్కకు నెట్టేసినట్టన్నమాట! స్ట్రాన్షియం కలిపితే ఆ హద్దు తగ్గుతుంది, సీసం కలిపితే పెరుగుతుంది. 1950లలో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధకులు ఈ గుణాన్ని గుర్తించారు. అందుకే మందు అయిపోయినా మిషను మాడిపోదు. పాలసీసాలు వెచ్చబెట్టే కొన్ని పరికరాల్లోనూ ఈ బిళ్లే ఉంటుంది. అయినా పాపాయికి పట్టేముందు రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకుని చూడాల్సిందే.

ఇక్కడే ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ బిళ్ల అదుపు చేసేది వేడిని మాత్రమే. షాక్‌ను కాదు. "సిరామిక్ హీటరమ్మా, ఏం భయంలేదు" అని ఎవరన్నా, తడిచేత్తో ముట్టుకుంటే ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి ఏ హీటరైనా ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. రాడ్డును ముందు నీళ్లలో పెట్టి, తర్వాతే స్విచ్చి వేయండి. నీళ్లు కాగాయా అని వేలు పెట్టేముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా పీకేయండి. కరెంటు పోయినా ఇదే పద్ధతి. ఇనప బక్కెట్టు వద్దు. పిల్లల్ని ఆ దరిదాపులకు రానీయొద్దు. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని ఇంటివాళ్లను అడగండి. కరెంటు లీకైతే క్షణంలో సరఫరా ఆపేసేది అదే. అద్దె కడుతున్నాం, ఆ మాత్రం అడగడానికి మొహమాటమెందుకు?