గట్టు వేశాక బురద ఏమవుతుంది?

ఢిల్లీ మునిర్కాలో చేపల కొట్టుకు వెళ్తే ఐసు పెట్టెలో ‘ఆంధ్రా రోహూ’ ఉంటుంది. మన శీలావతే. మడ అడవుల్ని చెరువులు మింగేశాయని ఎక్కడో విన్నవాళ్లు ముందు దీన్నే అనుమానిస్తారు. పాపం, దానికి మడతో పేచీ లేదు. అది మంచినీటి చేప. కొల్లేటి చుట్టుపక్కల, వరిచేలను తవ్విన చెరువుల్లో పెరుగుతుంది. మడ దాకా వెళ్లింది రొయ్య. ఆటుపోట్లు తగిలే ఉప్పునీటి నేల మీదే మడకూ రొయ్యకూ కన్ను.

1990ల మొదట్లో టైగర్ రొయ్యకు విదేశాల్లో ధర పలికింది. కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో చెరువులు లేచాయి, కొన్నిచోట్ల మడ నరికి మరీ. 1994-95లో తెల్లమచ్చ తెగులు తగిలాక ఎన్నో చెరువుల్ని అలాగే వదిలేశారు. 1996 డిసెంబరులో తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల సాగును సుప్రీంకోర్టు ఆపమంది, 2005 చట్టం దానికి మళ్లీ దారి చూపింది. 2021 అటవీ నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన మడ 405 చదరపు కిలోమీటర్లు.

ఈ లెక్క చెట్లున్న మేరకే. అసలు కార్బన్ నిల్వ కాళ్ల కింద ఉంది. గోదావరి డెల్టాలోని కోరంగిలో మడ మధ్య అడుగు వేస్తే మోకాలి దాకా దిగుతుంది. కాలు పైకి లాగగానే కుళ్లిన గుడ్డు వాసన. బురదలో గాలి లేదనడానికి ఆ వాసనే సాక్ష్యం. రాలిన ఆకు, చచ్చిన వేరు అక్కడ పూర్తిగా కుళ్లవు. ఆక్సిజన్ లేక, సల్ఫేటుతో బతికే సూక్ష్మజీవులు వాటిని నెమ్మదిగా నములుతుంటాయి. పోటు తెచ్చిన ఒండ్రు పైన పేరుకుంటుంది. ఇలా వందల ఏళ్ల కార్బన్ పాతరలో గింజల్లా నిలవుంటుంది.

చెరువు తవ్వాలంటే పొక్లెయిన్ ఆ పొరనే ఎత్తి గట్టుగా పోస్తుంది. నల్లటి బురద ఎండలో ఆరి, పగుళ్లిచ్చి, తుప్పురంగు చారలు తేలుతుంది. గాలి తగలడంతో లోపలి కార్బన్ బొగ్గుపులుసు వాయువై పోతుంది. బురదలో దాగిన ఇనుప గంధకం ఆమ్లంగా మారుతుంది. రైతు సున్నం చల్లేది కొంత అందుకే. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టినప్పుడల్లా అడుగు నేలకూ గాలి తగులుతుంది. ఇక గట్టు పోటును ఆపేసింది కనుక కొత్త ఒండ్రు రాదు, రాలడానికి ఆకూ లేదు.

ఎంత పోతుంది? డేనియల్ డొనాటో బృందం హిందూ, పసిఫిక్ తీరాల్లోని 25 మడ అడవులను కొలిచి 2011లో ప్రచురించిన సగటు, హెక్టారుకు 1,023 టన్నుల కార్బన్. డెల్టా మడల్లో అందులో ఎక్కువ భాగం నేలలోనే ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో బూన్ కాఫ్‌మన్ బృందం కొలిస్తే మడలో 853 టన్నులు, పక్కనే వదిలేసిన రొయ్యల చెరువులో 95. టన్ను కార్బన్ గాల్లో కలిస్తే సుమారు 3.67 టన్నుల బొగ్గుపులుసు వాయువు. ఈ అంకెల్ని యథాతథంగా కోరంగికి అతికించకూడదు. గోదావరి మోసుకొచ్చే మట్టి ఎక్కువగా ఖనిజపు ఒండ్రు, ఇండోనేషియాలోని కొన్ని మడ నేలల్లా ఆకులు, వేళ్లు కుళ్లిన మెత్తటి నేల కాదు. జరిగే పని మాత్రం ఒకటే.

చెరువు అడుగున కూడా నల్ల బురద ఉంటుంది కదా అని రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అది తినని మేత, రొయ్యల మలం. ఏరేటర్లు తిరిగే నీటిలో అది త్వరగా కుళ్లుతుంది, మిగిలింది పంటకు పంటకు మధ్య తోడేస్తారు. నిల్వ కింద జమకట్టడానికి లేదు.

మళ్లీ మొక్కలు నాటితే? చెట్టు కొన్నేళ్లలో లేస్తుంది, కింది పొర లేవదు. నాటడం కంటే ముందు నీరు రావాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాడైన మడల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీటిని లోపలికి తెచ్చాయి. వదిలేసిన చెరువైతే గట్టుకు గండి కొట్టాలి. చిక్కంతా అక్కడే. 2009లో వనామీ రొయ్య వచ్చాక పాత చెరువులకు మళ్లీ గిరాకీ పుట్టింది. కౌలు పలికే చెరువుకు చేతులారా గండి కొట్టుకోమంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? ఆ కౌలు డబ్బు ఎవరు కడతారో తేల్చకుండా మొక్కల పంపిణీ ఎంత జోరుగా సాగినా ఆ గట్లు కదలవు.