ఇంధన పంట వేస్తారా? ముందు కొనేవాళ్లను చూసుకోండి

పల్లెల్లో మళ్లీ ఇంధన పంటల మాట వినపడుతోంది. గడ్డి పెంచండి, గ్యాసు తీస్తాం అంటున్నారు. దీంట్లో లాభం లేదని చెప్పడానికి కాదు ఈ వ్యాసం. కాకపోతే మనలో చాలామందికి ఉన్నది రెండెకరాలు. అందులో ఎకరం దీనికిచ్చి తేడా వస్తే, ఆ నష్టం పూడ్చుకునేసరికి ఏళ్లు పడుతుంది. అందుకే వేసే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

జట్రోఫాతో ఏం జరిగింది?

2003లో కేంద్ర ప్రణాళికా సంఘం బయోడీజిల్ కోసం జట్రోఫా, అంటే అడవి ఆముదం, పెంచాలని చెప్పింది. నీళ్లు అక్కర్లేదు, బీడులోనూ పండుతుంది, పశువులు ముట్టవు అని ఊరూరా ప్రచారం జరిగింది. పశువులు ముట్టవన్నది నిజమే. నీళ్ల సంగతే సగం నిజం. చెట్టు బతకడానికి నీళ్లు లేకున్నా సరిపోతుంది గాని, కాయ బాగా కాయాలంటే నీరూ ఎరువూ రెండూ కావాలి. కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. కాయలు ఒక్కసారే పండవు, విడతలుగా కోయాలి. గింజల రాబడి కూలికే సరిపోతుంది. నూనె తీసిన చెక్క విషం, గొడ్లకు పెట్టరాదు.

2017 నాటికి 20 శాతం జీవ ఇంధనం కలపాలని 2009 జాతీయ విధానంలో రాసుకున్నారు. డీజిల్‌లో అది జరగలేదు. 2018 విధానంలో బయోడీజిల్ లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతంగా పెట్టుకున్నారు.

ఆ రోజుల్లో నేనూ అర ఎకరంలో జట్రోఫా వేశాను. మొక్కలిచ్చినవాళ్లు గింజ మేమే కొంటామన్నారు. కాగితం మాత్రం రాయలేదు, నేనూ అడగలేదు. నాలుగో ఏడు రెండు బస్తాల గింజ ఇంట్లో పెట్టుకుని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. చెట్లు పీకించడానికి మళ్లీ కూలి పెట్టాల్సి వచ్చింది.

గట్ల మీద కానుగ

కానుగ సంగతి వేరు. దీనికి చేను ఇవ్వక్కర్లేదు. గట్లమీద, వాగు ఒడ్డున, దొడ్డి చుట్టూ పెంచుకోవచ్చు. గింజల్లో నూటికి 30 పాళ్ల వరకు నూనె ఉంటుంది. నూనె ఎవరూ కొనకపోయినా ఆకు వరి మడికి పచ్చిరొట్ట, చెక్క మంచి ఎరువు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ మహిళలు కానుగ పెంచి, 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపునకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు పొందారు. పెద్ద మొత్తం కాదు. అయితే చేను పోగొట్టుకోకుండా వచ్చిన డబ్బు అది.

గడ్డి నుంచి గ్యాసు

మొక్కలు, పేడ, చెత్త నుంచి తీసిన గ్యాసును చమురు కంపెనీలు కొనేందుకు 2018 అక్టోబరులో కేంద్రం ‘సతత్’ పథకం తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో రిలయన్స్ గ్యాసు ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. ఇలాంటి ప్లాంట్లకు నేపియర్ గడ్డి మంచి ముడిసరుకు.

ఇక్కడో మెలిక ఉంది. చమురు కంపెనీ కొనేది ప్లాంటు దగ్గర గ్యాసు, మన దగ్గర గడ్డి కాదు. మన గడ్డికి ధర చెప్పేది ప్లాంటువాళ్లే. పైగా పచ్చి గడ్డిలో ముప్పాతిక వంతు నీరే. టన్ను గడ్డి బండికెక్కిస్తే ఏడెనిమిది వందల కిలోల నీటికి కిరాయి కడుతున్నట్టే. ప్లాంటు దూరమైతే లాభం దారిలోనే పోతుంది. నేపియర్ ఏడాదికి ఐదారు కోతలు ఇవ్వాలంటే తడి ఆరకూడదు. బోరు ఎండే ఊళ్లో ఇది కుదరదు.

రెండో గిరాకీ ఉందా?

2025లో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. మొక్కజొన్న, నూకలు కూడా ఇథనాల్‌కు వెళ్తున్నాయి. ఫ్యాక్టరీ కొనకపోతే మొక్కజొన్నను కోళ్ల దాణావాళ్లు కొంటారు. నేపియర్ మిగిలితే పాడి పశువులు తింటాయి, అదీ కొంత వరకే. జట్రోఫాకు రెండో గిరాకీ లేకపోవడమే మన కొంప ముంచింది. పత్తి కట్టె, కంది కట్టె అడిగేవాళ్లుంటే తగలబెట్టకుండా అమ్ముకోండి. దానికి కొత్త పంట అక్కర్లేదు.

ఇవి అడిగి తెలుసుకోండి

* కొంటామన్న మాట కాగితం మీద ఉందా? ఎన్నేళ్లకు?
* ధర పచ్చి బరువుకా, ఎండు బరువుకా?
* కోత కూలి, బండి కిరాయి ఎవరివి?
* డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు?
* ప్లాంటు ఆగిపోతే మన పంట ఏం కావాలి?

ఒప్పందం కాగితాన్ని చదవడం వచ్చినవాళ్లతో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. నలుగురైదుగురు రైతులు కలిసి మాట్లాడితే ధర అడగడానికి బలం ఉంటుంది. అన్నీ కుదిరినా మొదటి ఏడాది పావు ఎకరం దాటవద్దు. మిగతా చేలో మీకు తెలిసిన పంటే వేసుకోండి.