బ్యాటరీ లైటులో వెలుగు మెట్లు

గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో మార్కాపురానికి, కంభానికి నడుమ ఉన్న తర్లుపాడు ప్రాంతంలో సేద్యానికి బోరుబావులే పెద్ద ఆధారం కావడంతో, రాత్రివేళ త్రీఫేజు కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వేయడానికి చేనికి వెళ్లే రైతుకు బ్యాటరీ లైటు తప్పనిసరి పనిముట్టు. గట్టు మీద రక్తపింజర గాని కట్లపాము గాని ఉన్నదీ లేనిదీ తేల్చేది ఆ వెలుగే కనుక, అది ఎంత దూరం కొడుతుందన్న దానికంటే ఇల్లు చేరేదాకా నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. నేటి లైట్లలో కనిపించే ఎక్కువ, మధ్యస్థ, తక్కువ వెలుగుల ఏర్పాటు ఈ ప్రశ్నకు చెప్పిన జవాబే.

పాత లైటులో 1.5 వోల్టుల సెల్లులు, సన్నని టంగ్‌స్టన్ తీగ ఉన్న బల్బు, ముందుకు జరిపితే వలయాన్ని కలిపే లోహపు పట్టీ మాత్రమే ఉండేవి. వెలుగు తగ్గించే వీలు లేకపోగా, సెల్లులు నీరసించేకొద్దీ బల్బే ఎర్రబారి మసకబారేది. ఎల్‌ఈడీ తీరు వేరు. సుమారు 3 వోల్టుల దగ్గర వెలిగే ఈ దీపానికి వోల్టేజి కాస్త పెరిగినా కరెంటు విపరీతంగా పెరిగి అది దెబ్బతినే ప్రమాదం ఉన్నందున, మంచి లైట్లలో కరెంటును అదుపుచేసే డ్రైవర్ అనే చిన్న సర్క్యూటు పెడతారు. వెలుగును తగ్గించడానికి ఆ సర్క్యూటు కరెంటునే తగ్గించవచ్చు, లేదా దీపాన్ని సెకనుకు వందల, వేల సార్లు వెలిగించి ఆర్పుతూ, వెలిగి ఉండే వ్యవధిని కుదించవచ్చు. ఆ వెలుగులో చేతిని వేగంగా ఊపినప్పుడు వేళ్లు ముక్కలుముక్కలుగా కనిపిస్తే అది రెండో పద్ధతి అని గ్రహించవచ్చు.

కాంతి నాలుగో వంతుకు తగ్గినా మనిషి కంటికి అది ఇంచుమించు సగంగానే తోస్తుంది, కాని ఛార్జింగు మాత్రం దాదాపు నాలుగింతల సేపు వస్తుంది. పైగా మసక వెలుగుకు అలవాటుపడిన చూపు చెదరదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుందని గుర్తిస్తే, అడుగుల ముందు నేలను చూడటానికి ఎక్కువ వెలుగు వాడటం ఎంత వృథాయో తెలుస్తుంది. దూరం రెట్టింపైతే అక్కడ పడే కాంతి నాలుగో వంతే కాబట్టి, ఎక్కువ వెలుగు అవసరమయ్యేది చేను అవతలి అంచును చూడవలసినప్పుడే. ఆ స్థాయిలో కొన్ని నిమిషాలకు వెలుగు దానంతటదే తగ్గితే, అది చాలాసార్లు వేడి నుంచి దీపాన్ని కాపాడే ఏర్పాటే తప్ప లోపం కాదు.

వెనుక మీట ఉన్న చాలా లైట్లలో మీటను సగం నొక్కి వదిలితే కరెంటు క్షణకాలం తెగుతుంది; ఆ చిన్న విరామాన్ని లోపలి చిప్పు గుర్తించి తరువాతి స్థాయికి మారుతుంది. పక్కన మెత్తని బొత్తాం ఉన్నవాటిలో, నొక్కును కనిపెట్టుకుని ఉండే చిప్పు, లైటు ఆరి ఉన్నా ఒకింత కరెంటు తాగుతూనే ఉంటుంది కనుక, నెలల తరబడి మూలన పెడితే బ్యాటరీ కొంత తరుగుతుంది. స్థాయిల మధ్యలో దూర్చే మినుకుమినుకు వెలుగు గట్టు మీద నడిచేవారికి ఉపకరించదు సరికదా, అడుగు తడబడేలా చేస్తుంది.

కొనేవారు దుకాణంలోనే మీట నొక్కి చూసి, మొదటి నొక్కుకే తక్కువ వెలుగు వచ్చేదాన్ని గాని, చివరిసారి వాడిన స్థాయిని గుర్తుంచుకునేదాన్ని గాని ఎంచుకోవాలి.