లైవ్ ఆల్బంల ప్రామాణికత

లైవ్ ఆల్బం అనగా శ్రోతల సమక్షంలో జరిగిన కచేరీని ధ్వనిముద్రణ చేసి విడుదల చేసే ఆల్బం. రాక్, మెటల్ సంగీతాలలో వీటికి విశేష ఆదరణ ఉంది. అయితే ఇందులో వినిపించేదంతా ఆనాడు వేదికపై పాడినదేనా, లేక తరువాత స్టూడియోలో చేర్చినదా అన్నది 1970వ దశకం నుండి చర్చనీయాంశంగా ఉంది.

సవరించే విధానం

కచేరీలో గాత్రానికి, గిటార్లకు, డ్రమ్ములకు వేరువేరు మైకులు అమర్చి, ఒక్కొక్కదానిని వేరొక ట్రాకులో నమోదు చేస్తారు. కాబట్టి తప్పు దొర్లిన ట్రాకును మాత్రమే తొలగించి, ఆ భాగాన్ని స్టూడియోలో మళ్ళీ పాడి లేదా వాయించి చేర్చవచ్చును. దీనిని ఓవర్‌డబ్బింగ్ అంటారు. కాని వేదికపై ఒకరి ధ్వని మరొకరి మైకులో కూడా పడుతుంది. ఆ కారణంగా పాత ధ్వనిని పూర్తిగా చెరపడం కష్టం. పలు రాత్రుల కచేరీలనుండి మంచి భాగాలను ఏరి కూర్చడం, చప్పట్ల శబ్దాన్ని పెంచడం కూడా వాడుకలో ఉన్నాయి.

ప్రసిద్ధ ఉదాహరణలు

* డీప్ పర్పుల్ బృందపు "మేడ్ ఇన్ జపాన్" 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో నగరాలలో మూడు రాత్రులు ముద్రించబడింది. ఓవర్‌డబ్బింగ్ లేని ఆల్బంగా దీనికి పేరు.
* కిస్ బృందపు "అలైవ్!" (1975)లో చాలా భాగాలను స్టూడియోలో సరిదిద్దినట్లు నిర్మాత ఎడ్డీ క్రేమర్ తరువాత తెలిపాడు.
* థిన్ లిజ్జీ "లైవ్ అండ్ డేంజరస్" (1978)లో అధికభాగం స్టూడియోలో తయారైందని నిర్మాత టోనీ విస్కాంటీ చెప్పగా, బృంద సభ్యులు ఖండించారు.
* జూడాస్ ప్రీస్ట్ "అన్‌లీష్డ్ ఇన్ ది ఈస్ట్" (1979) టోక్యోలో ముద్రించబడినా, రాబ్ హాల్ఫోర్డ్ గాత్రాన్ని స్టూడియోలో మళ్ళీ ముద్రించారు. అందుచేత దీనిని "అన్‌లీష్డ్ ఇన్ ది స్టూడియో" అని హాస్యమాడేవారు.

తెలుగునాట

రాక్ పాటకు సాధారణంగా ముందే ఒక స్టూడియో రూపం ఉంటుంది. కర్ణాటక సంగీత కచేరీ అటువంటిది కాదు. కోనసీమలోని శంకరగుప్తంలో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) వంటి విద్వాంసుల రాగాలాపన, స్వరకల్పన వేదికపై అప్పటికప్పుడు రూపొందుతాయి. ఆ రాత్రి ముద్రణ తప్ప వాటికి వేరే ఆధారం ఉండదు. దానిని దిద్దితే విద్వాంసుడు ఆనాడు ఏమి పాడాడో తరువాతి విద్యార్థులకు తెలిసే మార్గం పోతుంది.

పద్యనాటకాల విషయం ఇందుకు భిన్నం. గ్రామఫోను కంపెనీలు నాటక పద్యాలను ప్రేక్షకులు లేని చోట పాడించి ముద్రించేవి. 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. అందువలన ప్రేక్షకులు "వన్స్ మోర్" అని కేకలు వేస్తుండగా నటుడు సాగదీసిన రాగం వాటిలో ఉండదు. నాటి రంగస్థల గానాన్ని అధ్యయనం చేసేవారు ఈ పరిమితిని గమనించవలసి ఉంటుంది.

ప్రామాణికతను గుర్తించడం

ముద్రించిన తేదీ, స్థలం, చేసిన సవరణలు అట్టపై పేర్కొన్న ఆల్బం శ్రోతకు నమ్మదగినది. అదే కచేరీని శ్రోతలెవరైనా సొంతంగా ముద్రించి ఉంటే, ఆ ప్రతితో పోల్చి కూడా మార్పులను గుర్తించవచ్చును.