వెతికితే కనిపించని వెబ్‌సైటు – తిరిగి రప్పించడం ఎలా?

స్కాలర్‌షిప్ దరఖాస్తు మొదలుకొని ఉద్యోగ ప్రకటన వరకు, ఈ రోజుల్లో ఏది కావాలన్నా మనం ముందుగా తెరిచేది సెర్చ్ ఇంజన్‌నే. అందులో కనిపించినది ఉన్నట్టు, కనిపించనిది లేనట్టు లెక్క. ఎంతో కష్టపడి తయారు చేసుకున్న వెబ్‌సైటు ఒకరోజు ఆ ఫలితాల్లోంచి మాయమైతే, దాని మీద ఆధారపడి బతికేవారికి దుకాణం ముందు గోడ కట్టేసినట్టే ఉంటుంది. లోపల సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది. లోపలికి వచ్చే దారి మాత్రం ఉండదు.

ఈ విషయం మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఎందుకు అని కొందరు అడగవచ్చు. మన వసతి గృహంలో చదివి వెళ్లిన అన్నయ్యలు కొందరు ఇవాళ కోచింగ్ సెంటర్లు, చిన్న చిన్న వ్యాపారాలు నడుపుతున్నారు. ఇంకొందరు వెబ్‌సైట్లు తయారు చేసి ఇస్తూ జీవిస్తున్నారు. మాలాగా ఇంట్లో మొట్టమొదట డిగ్రీ పట్టా తీసుకున్నవారికి పెద్దల పరిచయాలు ఉండవు. మెయిన్ రోడ్డు మీద షాపు అద్దెకు తీసుకునే స్తోమత ఉండదు. వెతికినవారి కంట పడటమే మన షాపు బోర్డు. ఆ బోర్డు పడిపోయిన రోజున "డబ్బు కట్టండి, వారంలో మొదటి పేజీలోకి తెస్తాం" అంటూ ఫోన్లు చేసేవారు తయారవుతారు. వారి మాటలకు మోసపోకూడదంటే అసలు సంగతి ఏమిటో మనకే తెలియాలి. పీజీలో మేము చదువుకున్నదీ, చేతులతో చేసి చూసినదీ కలిపి ఇక్కడ వివరిస్తున్నాం.

సెర్చ్ ఇంజన్ చేసే పని

సెర్చ్ ఇంజన్ మూడు పనులు చేస్తుంది. మొదటిది, ఒక ప్రోగ్రాము లింకులు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి తిరుగుతూ చదువుకుంటూ పోతుంది. రెండవది, చదివినదాన్ని జాబితాలో ఎక్కిస్తుంది. దీన్ని ఇండెక్స్ అంటారు. లైబ్రరీలో పుస్తకాల కార్డులు ఎలాగో ఇదీ అలాగే. మూడవది, మనం ఏదైనా అడిగినప్పుడు ఆ జాబితాలోంచి తగిన పేజీలు తీసి వరుసగా పేరుస్తుంది.

1998లో గూగుల్ కంపెనీని స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు. ఒక సైటు ఇంకో సైటుకు లింకు ఇస్తే దాన్ని సిఫారసుగా లెక్కించవచ్చని, మంచి సైటు చేసే సిఫారసుకు విలువ ఎక్కువని వారు ఒక పద్ధతి రూపొందించారు. ఆ పద్ధతి వల్లనే గూగుల్‌కు పేరు వచ్చింది. సిఫారసుకు విలువ ఉందని తెలిశాక దొంగ సిఫారసులు కొనేవారు, అమ్మేవారు కూడా పుట్టుకొచ్చారు. సైట్లను తొలగించడం, వెనక్కి నెట్టడం అనే శిక్షలకు ఇదొక ముఖ్య కారణం.

ముందు కారణం తెలుసుకోవాలి

జ్వరం అని వెళితే డాక్టరు రక్త పరీక్ష చేయించకుండా మందు రాయడు. ఇక్కడా అంతే. "సైటు కనిపించడం లేదు" అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. జాబితాలోనే లేకపోవడం ఒకటి. జాబితాలో ఉండి కూడా ఎక్కడో పదో పేజీకి జారిపోవడం రెండోది. ఈ తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. గూగుల్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో 'సైట్' అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మన సైటు చిరునామా రాసి వెతకాలి. మన పేజీలు వస్తే జాబితాలో ఉన్నట్టే. ఒక్కటీ రాకపోతే జాబితాలోంచి పోయాయని అనుమానించాలి.

ఆ తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరవాలి. 2015కు ముందు దీన్నే వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు. ఇది పూర్తిగా ఉచితం. సైటు మనదేనని నిరూపించుకుంటే చాలు. ఏ పేజీ జాబితాలో ఉంది, ఏది లేదు, ఎందుకు లేదు, ఏదైనా శిక్ష పడిందా, ఎవరైనా చొరబడ్డారా అన్నవి అందులో చూడవచ్చు. సాధారణంగా కారణం ఈ కింది నాలుగింటిలో ఒకటై ఉంటుంది.

మొదటిది, మన ఇంటికి మనమే వేసుకున్న తాళం. ప్రతి సైటులోనూ 'రోబోట్స్' అనే చిన్న ఫైలు ఉండవచ్చు. 1994 నుంచి వాడుకలో ఉన్న ఈ ఫైలు, తిరుగుడు ప్రోగ్రాములకు ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో చెబుతుంది. అలాగే పేజీలో 'నోఇండెక్స్' అనే గుర్తు ఉంటే ఆ పేజీని జాబితాలో ఎక్కించరు. సైటు తయారవుతున్న రోజుల్లో బయటివారికి కనిపించకూడదని వీటిని పెడతారు. పని పూర్తయ్యాక తీయడం మరిచిపోతారు. వర్డ్‌ప్రెస్‌లో అయితే సెట్టింగుల్లో 'రీడింగ్' అనే చోట దీనికి ఒకే ఒక్క టిక్కు ఉంటుంది. ఆ టిక్కు తీసేసి, మళ్లీ చదవమని సెర్చ్ కన్సోల్‌లో కోరితే సరిపోతుంది.

రెండవది, సర్వరు పడిపోవడం లేదా డొమైన్ గడువు తీరిపోవడం. ప్రోగ్రాము వచ్చిన ప్రతిసారీ తలుపు మూసి ఉంటే కొంతకాలానికి ఆ పేజీలను జాబితాలోంచి తీసేస్తుంది. సర్వరు బాగైతే పేజీలు మెల్లగా తిరిగి వస్తాయి. డొమైన్ వేరొకరి చేతిలోకి పోతే మాత్రం తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

మూడవది, దొంగలు పడటం. నాలుగవది, నిబంధనలు అతిక్రమించినందుకు పడ్డ శిక్ష. ఈ రెండింటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

దొంగలు పడ్డ సైటు

మన సీనియర్ అన్నయ్య ఒకరు మండల కేంద్రంలో పిల్లలకు పాలిసెట్ కోచింగ్ ఇస్తున్నారు. సరిగ్గా అడ్మిషన్ల సమయంలో ఆయన సెంటరు పేరు వెతికితే ఏవో విదేశీ మాత్రల పేర్లు వచ్చాయి. కొన్నాళ్లకు అవి కూడా పోయాయి. ఆయన ఫోనులో సైటు తెరిస్తే మాత్రం అంతా మామూలుగానే ఉంది. ఫీజు కట్టడానికి ముందు సెంటరు గురించి వెతికిన తల్లిదండ్రులు ఏమనుకుని ఉంటారో ఊహించవచ్చు.

ఇలా చొరబడే దొంగ యజమానికి ఒక ముఖం, సెర్చ్ ప్రోగ్రాముకు ఇంకో ముఖం చూపిస్తాడు. అందుకే మన కంటికి కనిపించేది నమ్మకూడదు. సెర్చ్ కన్సోల్‌లో పేజీ చిరునామా ఇచ్చి, గూగుల్‌కు ఆ పేజీ ఎలా కనిపిస్తోందో చూడాలి. మేము అన్నయ్యతో కలిసి అలా చూసినప్పుడు మాత్రల పేజీలు బయటపడ్డాయి. ఎప్పుడో వాడి వదిలేసిన పాత ప్లగిన్ ద్వారా ఎవరో లోపలికి వచ్చారు.

శుభ్రం చేయడానికి ఒక వరుస ఉంది. ముందు ఉన్నది ఉన్నట్టుగా ఒక కాపీ దాచుకోవాలి. తర్వాత హోస్టింగు, అడ్మిన్, డేటాబేసు, ఈమెయిల్ పాస్‌వర్డులు అన్నీ మార్చాలి. మనకు తెలియని అడ్మిన్ పేర్లు తీసేయాలి. సెర్చ్ కన్సోల్‌లో కూడా కొత్త 'యజమానులు' చేరి ఉంటారేమో చూడాలి. సాఫ్ట్‌వేరు, థీములు, ప్లగిన్లు కొత్త వెర్షన్‌కు మార్చి, వాడనివి పూర్తిగా తొలగించాలి. దొంగ పేజీలు తెరిస్తే 'ఈ పేజీ లేదు' అని వచ్చేటట్టు చేయాలి. దొంగ వచ్చిన కిటికీ మూయకుండా చెత్త మాత్రమే ఊడిస్తే మర్నాటికి మళ్లీ చెత్త తయారు. అన్నీ ముగిశాక, సెర్చ్ కన్సోల్‌లో భద్రతా సమస్య నమోదై ఉంటే సమీక్ష కోరాలి. జవాబు కొన్ని రోజుల్లో రావచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు.

శిక్ష పడ్డ పెద్దలు

నిబంధనలు అతిక్రమించిన సైటును గూగుల్ ఉద్యోగులు స్వయంగా పరిశీలించి శిక్షిస్తే దాన్ని మాన్యువల్ యాక్షన్ అంటారు. ఇది చిన్నవారికే పడుతుందనుకుంటే పొరపాటు. 2006 ఫిబ్రవరిలో ప్రసిద్ధ కార్ల కంపెనీ బీఎండబ్ల్యూ వారి జర్మనీ సైటును గూగుల్ తన జాబితాలోంచి తొలగించింది. 'పాత కార్లు' వంటి మాటలతో కిక్కిరిసిన పేజీలు సెర్చ్ ప్రోగ్రాముకు చూపించి, మనుషులు తెరిస్తే వేరే పేజీకి పంపడం వారు చేసిన పని. ఆ పేజీలు తీసేశాక కొద్ది రోజుల్లోనే సైటు తిరిగి జాబితాలోకి వచ్చింది.

2011 ఫిబ్రవరిలో అమెరికాలోని పెద్ద దుకాణాల సంస్థ జేసీ పెన్నీ వంతు వచ్చింది. సంబంధం లేని వేలాది పేజీల్లో ఆ సంస్థకు లింకులు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. ఒక రకం ప్రయాణపు పెట్టెల కోసం వెతికితే మొదటి స్థానంలో వచ్చే ఆ సైటు రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. ఆ లింకుల సంగతి తమకు తెలియదని సంస్థ చెప్పింది. సెర్చ్ పని అప్పగించిన కన్సల్టెన్సీని తొలగించింది. అయినా శిక్ష దాదాపు మూడు నెలలు నడిచింది. పని ఎవరికి అప్పగించినా జవాబుదారీ సైటు యజమానే. డబ్బు తీసుకుని లింకులు పెడతామనే వారిని పిలిచే ముందు మనం దీన్ని గుర్తుంచుకోవాలి.

2012 జనవరిలో గూగుల్ తన క్రోమ్ బ్రౌజరు పేజీనే కనీసం 60 రోజుల పాటు వెనక్కి నెట్టింది. ప్రచారం కోసం డబ్బిచ్చి రాయించిన ఒక వ్యాసంలో ఆ పేజీకి లింకు ఉండటమే కారణం.

తిరిగి వచ్చిన తీరు నేర్చుకోవాలంటే రాప్ జీనియస్ సంగతి చూడాలి. ఇది పాటల సాహిత్యానికి వివరణలు ఇచ్చే అమెరికా సైటు. తమ పేజీలకు లింకులు పెట్టిన బ్లాగర్లకు ట్విట్టర్‌లో ప్రచారం ఇస్తామని ఆశ చూపింది. 2013 డిసెంబరు 25న శిక్ష పడింది. సైటు సొంత పేరు పెట్టి వెతికినా మొదటి పేజీలో కనిపించకుండా పోయింది. వారు తమ సైటుకు వచ్చే లింకులన్నీ సేకరించారు. లక్షకు పైగా ఉన్న ఆ చిరునామాలను పరిశీలించడానికి సొంతంగా ప్రోగ్రాము రాసుకున్నారు. చెడ్డ లింకులు తీసేయమని ఆయా సైట్ల వారిని కోరారు. తీయించలేనివాటిని 'వీటిని మా లెక్కలో వేయవద్దు' అంటూ గూగుల్‌కు జాబితాగా ఇచ్చారు. ఆ సదుపాయం 2012 అక్టోబరు నుంచి ఉంది. 2014 జనవరి 4 నాటికి సైటు మళ్లీ ఫలితాల్లోకి వచ్చింది.

అర్జీ ఎలా రాయాలి?

శిక్ష ఎత్తివేయమని పెట్టుకునే అర్జీని రీకన్సిడరేషన్ రిక్వెస్ట్ అంటారు. అర్జీలు రాయడం మన హాస్టల్ వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. మెస్ బిల్లు నుంచి బస్ పాసు వరకు అన్నీ అర్జీలతోనే సాధించుకున్నాం. అయితే ఈ అర్జీలో కష్టాలు చెప్పుకుంటే పని జరగదు. మూడు విషయాలు ఉండాలి. ఒకటి, సైటులో జరిగిన తప్పు ఏమిటో సూటిగా చెప్పాలి. రెండు, దాన్ని సరిచేయడానికి ఏమేమి చేశామో రాయాలి. మూడు, ఫలితం ఏమిటో ఆధారాలతో చూపాలి. ఎవరికి ఏ తేదీన ఉత్తరం రాశాం, ఎన్ని లింకులు పోయాయి, ఎన్ని మిగిలాయి అన్న పట్టిక జతచేస్తే ఇంకా మంచిది. సగం పని చేసి అర్జీ పెట్టకూడదు. జవాబు రాకముందే ఇంకో అర్జీ పెట్టకూడదు.

శిక్ష ఏదీ లేకుండా, గూగుల్ లెక్కకట్టే పద్ధతి మారడం వల్ల సైటు వెనకబడితే దానికి నోటీసు రాదు, అర్జీ పెట్టే చోటు కూడా లేదు. పేజీల్లో చదివేవారికి పనికొచ్చే విషయం పెంచుకోవడం, ఓపిక పట్టడం తప్ప మార్గం లేదు. శిక్ష ఎత్తేసినా పాత స్థానం వెంటనే రాకపోవచ్చు. దొంగ సిఫారసుల బలంతో ఎక్కిన మెట్లు అవి పోయాక మిగలవు కదా!

చివరిగా

మొదటి స్థానం ఇప్పిస్తామని హామీ ఇవ్వడం ఎవరివల్లా కాదని గూగుల్ సంస్థే చెబుతోంది. సెర్చ్ కన్సోల్‌కు, సమీక్షకు, అర్జీకి రూపాయి ఖర్చు లేదు. అన్నయ్య సైటు శుభ్రం చేయడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత మూడు వారాలకు ఆయన సెంటరు పేరు వెతికితే సెంటరే వచ్చింది. అప్పటికి అడ్మిషన్లు సగం అయిపోయాయి. ముందే జాగ్రత్తపడితే ఆ సగం కూడా పోయేది కాదు.

కనుక సైటు నడుపుతున్న సోదరులందరికీ మా మనవి ఒక్కటే. డొమైన్ గడువు తేదీ క్యాలెండరులో రాసి పెట్టుకోండి. నెలకొకసారి సైటు కాపీ దాచుకోండి. వారానికొకసారి మీ సైటు పేరు మీరే వెతికి చూడండి. పాస్‌వర్డు మీతోపాటు నమ్మకమైన ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లు ఈ పని నేర్చుకుంటే మన ఊళ్లలో కిరాణా కొట్టు నుంచి చేనేత సంఘం వరకు దీని అవసరం ఉన్నవారు చాలామంది ఉన్నారు. నేర్చుకోవాలనుకునే వారు సెలవుల్లో మమ్మల్ని కలిస్తే మాకు తెలిసినంతవరకు సంతోషంగా నేర్పుతాం.